టర్బో హౌసింగ్ సైజు ఎలా ఎంచుకోవాలి: 0.64 వేయాలా, 0.86 వేయాలా?

మొన్న మా ఊరి తమ్ముడు ఒకడు ఫోన్ చేసి, "అన్నా, టర్బో తీసుకున్నా, హౌసింగ్ 0.64 వేయించాలా 0.86 వేయించాలా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. బండి ఏంది, రోజూ ఎక్కడ తిప్పుతావు, ఎన్ని హార్స్‌పవర్ కావాలి అని ఎదురడిగితే, "అవన్నీ తర్వాత అన్నా, ముందు నంబర్ చెప్పు" అంటాడు. చెప్పుల కొట్టుకి పోయినా ముందు కాలు చూపిస్తాం కదరా అని తిట్టి ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే వాణ్ణి అనడానికి నాకు మొహం లేదనిపించింది. మొదట్లో నేనూ అలాగే అడిగాను, ఎవరో చెప్పిన నంబరే ఆర్డర్ పెట్టాను, మూడు వారాలు నానా తిప్పలు పడ్డాను. ఆ కథ కింద వస్తుంది.

ఇది పెట్రోల్ ఇంజిన్‌కి బయట కొన్న టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి తోసేది) వేసుకుని, వేస్ట్‌గేట్‌తో (ఎక్కువైన పొగని చక్రానికి తగలకుండా పక్కకి వదిలే తలుపు) బూస్ట్, అంటే తోసిన గాలి ఒత్తిడి, కంట్రోల్ చేసుకునేవాళ్ళ కోసం. డీజిల్ బండ్లలో వచ్చే వేరియబుల్ జామెట్రీ టర్బోల్లో చక్రం చుట్టూ ఉన్న రెక్కలే కదిలి దారిని చిన్నదీ పెద్దదీ చేసుకుంటాయి, వాళ్ళకి ఈ గొడవ లేదు. 1.0 టీఎస్ఐ లాంటి కొత్త ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకచోట కలిపే గొట్టాలు) సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కే బిగుస్తుంది, కాబట్టి ఆ బండికని తయారైన కిట్‌లో ఏ హౌసింగ్ ఉంటే దాంతోనే సర్దుకోవాలి. నాది 2004 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 లీటర్లు, 20 వాల్వులు, కంపెనీ నుంచి వచ్చినప్పుడు 150 హార్స్‌పవర్. లెక్కలన్నీ దాని మీదే చూపిస్తాను, మీ బండి అంకెలు మీరు వేసుకోండి.

అసలు ఆ నంబర్ ఏంటి

టర్బోకి రెండు నత్తగుల్లలు ఉంటాయి. ఒకటి అల్యూమినియంది, గాలి పీల్చి ఇంజిన్‌కి తోసేది. రెండోది ఇనుముది, ఎగ్జాస్ట్ పొగ వచ్చి చక్రాన్ని తిప్పేది. హౌసింగ్ అని మనం మాట్లాడుకునేది ఈ రెండోదాని గురించే. పొగ లోపలికి వచ్చే చోట గుల్లని అడ్డంగా కోశారనుకోండి, అక్కడ కనిపించే రంధ్రం వైశాల్యం ఏ. ఆ రంధ్రం మధ్య నుంచి చక్రం ఇరుసు మధ్యకి ఉన్న దూరం ఆర్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఏ బై ఆర్. గుల్ల లోపలికి తిరిగే కొద్దీ రంధ్రమూ చిన్నదవుతుంది, దూరమూ తగ్గుతుంది, రెండూ ఒకే లెక్కలో తగ్గేలా డిజైన్ చేస్తారు కాబట్టి ఎక్కడ కోసినా అదే నంబర్ వస్తుంది.

మా అవ్వ కట్టెల పొయ్యి దగ్గర రెండు ఊదుగొట్టాలు పెట్టుకునేది. సన్నదానితో కొంచెం ఊదినా నిప్పు కణకణలాడేది, కానీ గట్టిగా ఊదబోతే గాలి పోక బుగ్గలు ఉబ్బేవి, కళ్ళలో నీళ్ళు వచ్చేవి. లావుదానితో ఎంత గాలైనా పోతుంది గానీ, చిన్నగా ఊదితే బూడిద కూడా కదలదు. చిన్న ఏ బై ఆర్ అంటే ఆ సన్న గొట్టం. తక్కువ ఆర్‌పీఎంలో వచ్చే కొద్దిపాటి పొగనే వేగంగా చక్రం మీద కొడుతుంది, బూస్ట్ త్వరగా వస్తుంది. పైన 6,000 దాటాక అదే ఇరుకై, ఇంజిన్ బుగ్గలు ఉబ్బుతాయి. ఆ ఉబ్బడాన్నే బ్యాక్ ప్రెషర్ అంటాం.

అల్యూమినియం గుల్ల మీద కూడా ఒక ఏ బై ఆర్ ఉంటుంది. దాని ప్రభావం చాలా తక్కువ, దాని గురించి టెన్షన్ పడకండి.

ఇంకో సంగతి, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. గ్యారెట్ కంపెనీ టర్బోల్లో జీటీ28 మీద 0.64, జీటీ30 మీద 0.63 చూసి రెండూ దాదాపు ఒకటే అనుకుంటారు. కాదు. జీటీ2860ఆర్ఎస్‌లో టర్బైన్ చక్రం, అంటే పొగ తిప్పే చక్రం, 53.9 మిల్లీమీటర్లు, జీటీ3076ఆర్‌లో 60. చక్రం మారితే నంబర్ అర్థమే మారిపోతుంది. ఒకే టర్బోకి దొరికే హౌసింగుల మధ్య మాత్రమే నంబర్లు పోల్చాలి. మిత్సుబిషి వాళ్ళదైతే లెక్కే వేరు, వాళ్ళు చదరపు సెంటీమీటర్లలో చెబుతారు. టీడీ05హెచ్-16జీ6-7 అని ఉంటే చివర ఉన్న 7 హౌసింగ్ సైజే. దాన్ని ఏ బై ఆర్‌లోకి మార్చే సూత్రం ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

మొదటి పని: వారం రోజులు మీ ఆర్‌పీఎం ముల్లు ఎక్కడ ఉంటుందో రాసుకోండి

ఇది ఎవరూ చేయరు. డబ్బులు ఖర్చు కాని పని కదా, అందుకేనేమో. ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపేది) తీసుకుని, ఫోన్‌లో యాప్ పెట్టుకుని, ఆర్‌పీఎం, థ్రాటిల్, ఏ గేరులో ఎంత స్పీడు అనేవి వారం పాటు రికార్డ్ చేయండి. ఆఫీసుకి పోయే రోజులు, ఆదివారం పొద్దున నంది కొండకి పోయే రోజు, అన్నీ. తర్వాత ఎక్సెల్‌లో వేసి, థ్రాటిల్ సగానికి పైగా తొక్కిన క్షణాలు మాత్రమే వడపోసి, అప్పుడు ఆర్‌పీఎం ఎంత ఉందో చూడండి. ట్రాఫిక్‌లో ఊరికే నిలబడ్డ లెక్క మనకి అక్కర్లేదు, బండి మీద పవర్ అడిగిన క్షణాలే కావాలి.

నా లాగ్ చూసి నాకే సిగ్గేసింది. ట్రాక్ కోసం అని బడాయిగా చెప్పుకునేవాణ్ణి, తీరా చూస్తే నేను పెడల్ తొక్కిన సందర్భాల్లో ముప్పావు వంతు 2,000 నుంచి 3,800 మధ్యే ఉన్నాయి. బెంగళూరులో మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డ్ వైపు పోతుంటే మూడో గేరులో 40 మీద ఉంటాం, అంటే నా బండిలో 1,800 చిల్లర. ముందు బస్సు పక్కకి జరిగితే తొక్కుతాం, అర నిమిషంలో మళ్ళీ బ్రేక్. ఊరికి పోయేటప్పుడు బాగేపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది గానీ అక్కడ ఐదో గేరులో 100 మీద కూడా ముల్లు 3,000 దాటదు.

ఇప్పుడు గేరు మార్చినప్పుడు ముల్లు ఎక్కడ పడుతుందో లెక్కేయండి. సులువే. మార్చిన ఆర్‌పీఎంని కొత్త గేరు నిష్పత్తితో గుణించి, పాత గేరు నిష్పత్తితో భాగించాలి. రెండో గేరు 1.94, మూడోది 1.31 అనుకుందాం. ట్రాక్ మీద 6,500 దాకా లాగి మారిస్తే 4,400 దగ్గర పడుతుంది. అంటే ట్రాక్ మీద పోతున్నంతసేపూ మీరు 4,400 కింద ఉండేదే తక్కువ. అదే రోడ్డు మీద 3,000 దగ్గర మారిస్తే 2,000 దగ్గర పడుతుంది. ఫుల్ బూస్ట్ 4,200 దగ్గర వచ్చే హౌసింగ్ మొదటివాడికి బంగారం, రెండోవాడికి తలనొప్పి. రెండూ అదే టర్బో, అదే ఇంజిన్. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది ఈ ఒక్క ముక్క కోసమే: డైనో (పవర్ కొలిచే మెషీన్) కాగితం మీద పైన వచ్చే అంకెని చూసి కాదు, గేరు మార్చాక మీ ముల్లు పడే చోటుని చూసి హౌసింగ్ కొనాలి.

రెండో పని: ఎంత గాలి కావాలో లెక్క

లెక్కలంటే భయపడకండి, ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. హార్స్‌పవర్‌ని గాలి-ఇంధన నిష్పత్తితో గుణించి, బీఎస్ఎఫ్‌సీతో (ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి కాలే ఇంధనం, పౌండ్లలో) గుణించి, 60తో భాగించాలి. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి నిష్పత్తి 12, బీఎస్ఎఫ్‌సీ 0.55 వేసుకుంటే చాలు. నాకు కావాల్సింది 250 హార్స్‌పవర్. 250 × 12 × 0.55 ÷ 60 అంటే నిమిషానికి 27.5 పౌండ్ల గాలి, మన లెక్కలో పన్నెండున్నర కిలోలు. ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలో సగం బరువు గాలిని ఈ చిన్న ఇంజిన్ నిమిషంలో మింగాలన్నమాట. (ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20, నిష్పత్తి కొంచెం కిందికి వస్తుంది, గేజ్‌లో నిష్పత్తి కాకుండా ల్యాంబ్డా (ఇంధనం ఏదైనా సరిగ్గా కాలే నిష్పత్తిని 1గా పెట్టుకునే కొలత) చూసుకోవడం మంచిది. హౌసింగ్ ఎంచుకోవడానికి మాత్రం ఈ లెక్క సరిపోతుంది.)

ఇప్పుడు ఆ గాలి లోపల పట్టాలంటే ఎంత ఒత్తిడి కావాలి? నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది. 6,500 ఆర్‌పీఎంలో 3,250 సార్లు, సారికి 1.781 లీటర్లు, అందులో 95 శాతం నిండుతుంది అనుకుంటే నిమిషానికి సుమారు 5,500 లీటర్లు, అంటే ఐదున్నర ఘనపు మీటర్లు. పన్నెండున్నర కిలోల్ని అందులో కుక్కాలంటే ఘనపు మీటరుకి 2.27 కిలోలు. ఇంటర్‌కూలర్ (టర్బో తోసిన గాలిని చల్లార్చేది) దాటిన గాలి 55 డిగ్రీలుంటే, 1 బార్ ఒత్తిడి దగ్గర ఘనపు మీటరు 1.06 కిలోలు తూగుతుంది. భాగిస్తే 2.14 బార్. ఇది గేజ్ మీది బూస్ట్ కాదు, గేజ్ బయటి గాలికి పైన ఉన్నదే చూపిస్తుంది; ఇది సున్నా నుంచి లెక్కపెట్టిన మొత్తం ఒత్తిడి.

బెంగళూరులో ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి

చెన్నైలో బయట గాలి ఒత్తిడి 1.01 బార్. కాబట్టి గేజ్ మీద 1.13 బార్, పదహారున్నర పీఎస్ఐ (అదే ఒత్తిడికి ఇంకో కొలత) లోపే చూపిస్తే చాలు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ బయటి ఒత్తిడే 0.91 బార్. అదే 2.14 రావాలంటే గేజ్ మీద 1.23 బార్, పద్దెనిమిది పీఎస్ఐకి దగ్గర రావాలి.

టర్బోకి మాత్రం తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే దానికి కావాల్సింది తోసే ఒత్తిడికీ పీల్చే ఒత్తిడికీ ఉన్న నిష్పత్తి. ఇంటర్‌కూలర్‌లో 0.1 బార్, ఎయిర్ ఫిల్టర్‌లో 0.03 బార్ పోతాయనుకుంటే, చెన్నైలో 2.24ని 0.98తో భాగించాలి, 2.29 వస్తుంది. బెంగళూరులో 2.24ని 0.88తో భాగిస్తే 2.55. అదే 250 హార్స్‌పవర్ కోసం ఇక్కడ టర్బో ఇంకా వేగంగా తిరగాలి. కంప్రెసర్ మ్యాప్‌లో (టర్బోలో గాలి తోసే వైపు ఎంత నిష్పత్తికి ఎంత గాలి తోయగలదో చూపే గ్రాఫ్) చూసేటప్పుడు కూడా, పలచటి గాలికి సరిదిద్దితే 27.5 దగ్గర కాదు, 30 దగ్గర చుక్క పెట్టాలి. చెన్నైలో మ్యాప్ మధ్యలో హాయిగా కూర్చున్న టర్బో ఇక్కడ అంచుకి దగ్గరగా పోవచ్చు.

చెన్నైలో ఎండ కదా, వేడి గాలి పలచగా ఉంటుంది కదా అంటారు కొందరు. నిజమే గానీ లెక్కేసి చూడండి. 38 డిగ్రీల చెన్నై మధ్యాహ్నం గాలి ఘనపు మీటరుకి 1.13 కిలోలు, 26 డిగ్రీల బెంగళూరు చల్లటి పొద్దున గాలి 1.06. మనం వాతావరణం బాగుందని మురిసిపోతాం, ఇంజిన్‌కి మాత్రం చెన్నై ఉక్కలోనే కడుపు నిండుతుంది.

హౌసింగ్‌కీ దీనికీ సంబంధం ఏంటంటే, బూస్ట్ రాకముందు ఇంజిన్ పీల్చేది బయట గాలినే. అది పలచగా ఉంటే పొగ కూడా తక్కువ, టర్బో లేవడం ఆలస్యం. కాబట్టి సముద్రమట్టం దగ్గర ఉన్నవాడు "నాకు 0.86తో 3,900కే వచ్చేసింది బ్రో" అంటే, ఇక్కడ అది ఇంకొంచెం పైకి పోతుందని కలుపుకోండి. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే, బెంగళూరు రోడ్డు బండికి నా ఓటు చిన్నదానికే.

మరి ఎంచుకోవడం

ముందు టర్బో ఎంచుకోండి, అంటే మీకు కావాల్సిన గాలి కంప్రెసర్ మ్యాప్ మధ్యలో పడేది. ఆ టర్బోకి ఏయే హౌసింగులు దొరుకుతాయో చూడండి. జీటీ2860ఆర్ఎస్‌కి 0.64, 0.86. జీటీ3076ఆర్‌కి 0.63, 0.82, 1.06. జీ25-550కి 0.49, 0.72, 0.92. అంటే మీ ముందున్నవి రెండో మూడో దారులే, ఇక బుర్ర బద్దలు కొట్టుకోవడం దేనికి?

జీటీ2860ఆర్ఎస్ మీద నా 1.8కి 0.64తో ఫుల్ బూస్ట్ 3,600 దగ్గర, 0.86తో 4,200 దగ్గర వచ్చింది, రెండూ బెంగళూరులోనే. ఇంకా పెద్ద ఇంజిన్ అయితే పొగ ఎక్కువ కాబట్టి రెండూ కిందికి దిగుతాయి. మీ లాగ్‌లో పెడల్ తొక్కిన క్షణాలు ఎక్కువగా 4,000 కింద ఉంటే చిన్నది. నెలకోసారి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి పోయి, మిగతా రోజులు బండి కవర్ కింద ఉండేదైతే పెద్దది. మధ్య రకం దొరికి, మీరూ మధ్య రకం మనిషైతే మధ్యది. పవర్ లక్ష్యం ఆ టర్బో చేయగలిగినదాని చివరంచుకి దగ్గరగా ఉంటే మాత్రం చిన్నది పనికిరాదు, పైన ఊపిరాడదు. 250కి 0.64 చాలు, అదే టర్బోతో 330 కావాలంటే 0.86 తప్ప గతి లేదు.

చిన్నది అంటే అన్నీ మంచివే అని కాదు. టార్క్ కింద ఒక్కసారిగా వచ్చి పడుతుంది, కనెక్టింగ్ రాడ్ల మీద పడే దెబ్బ 6,500లో కంటే 3,500లో వచ్చే ఆ ఒక్క తోపులోనే ఎక్కువ, కంపెనీ రాడ్లతో ఉంటే ట్యూనర్‌కి చెప్పి బూస్ట్‌ని మెల్లగా ఎక్కించండి. పెద్ద కంప్రెసర్‌కి మరీ చిన్న హౌసింగ్ తగిలిస్తే ఐదో గేరులో తక్కువ ఆర్‌పీఎంలో తొక్కినప్పుడు బుస్ బుస్ మని సర్జ్ (గాలి వెనక్కి తన్నడం) వస్తుంది, ఆ శబ్దం బాగుందని వీడియోలు తీసుకోకండి, బేరింగ్ పోతుంది. ఇంకోటి, హౌసింగ్ చిన్నదైన కొద్దీ వేస్ట్‌గేట్ గుండా బయటికి పంపాల్సిన పొగ ఎక్కువ. గేట్ చిన్నదైతే, మీరు 15 పీఎస్ఐ దగ్గర ఆపమన్నా బూస్ట్ తనంతట తాను 18, 20 అని పాకుతూ పోతుంది. దానికి మందు గేట్ పెద్దది చేయించడమో, బయటి వేస్ట్‌గేట్ పెట్టించడమో. గేట్‌ని తెరిచే యాక్చువేటర్ మార్చినంత మాత్రాన తగ్గదు.

ట్విన్ స్క్రోల్ (పొగకి రెండు విడి దారులున్న హౌసింగ్) గురించి రెండు ముక్కలు. నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరసలో పేలే ఇంజిన్‌లో ఒకటీ నాలుగూ ఒక దారిలో, రెండూ మూడూ ఇంకో దారిలో టర్బో దాకా విడివిడిగా రావాలి. అలా వస్తే ఒకదాని పొగ ఇంకొకదాని మీదికి ఎగదన్నదు, పెద్ద హౌసింగ్ వేసుకుని కూడా బూస్ట్ త్వరగా పొందొచ్చు. మానిఫోల్డ్ విడిగా లేకుండా ట్విన్ స్క్రోల్ హౌసింగ్ ఒక్కటీ కొంటే అది ఉత్త బరువు.

కొనేటప్పుడు

బెంగళూరు జేసీ రోడ్డులో అడిగినా, బయటి నుంచి తెప్పించుకున్నా, ఫ్లాంజ్ (హౌసింగ్‌కి మానిఫోల్డ్ మీద బిగిసే అంచు) ఏదో ముందు తేల్చుకోండి. టీ25, టీ3, వీ-బ్యాండ్ అన్నీ వేరువేరు, ఒకదానికోసం చేసిన మానిఫోల్డ్ మీద ఇంకొకటి కూర్చోదు, మధ్యలో అడాప్టర్ ముక్క పెడితే టర్బో ఎత్తు పెరిగి బానెట్‌కి తగులుతుంది. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) వైపు కూడా అంతే.

శివాజీనగర్ వైపు, చెన్నై పుదుపేటలో పాత సామాన్ల కొట్లలో లారీ టర్బోలు కుప్పలుగా ఉంటాయి, ధర చూస్తే చేతులు దురద పెడతాయి. అవి డీజిల్‌కి చేసినవి. డీజిల్ పొగ కంటే పెట్రోల్ పొగ చాలా వేడి, ఫుల్ థ్రాటిల్‌లో 900 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ కోసం పోసిన ఇనుము ఆ వేడికి పగుళ్ళిస్తుంది. సైజు కూడా మనకి పొసగదు. ఆ డబ్బులతో నాలుగు మంచి గాస్కెట్లు కొనుక్కోండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది కూడా ఈ దశలోనే గుర్తుంచుకోవాల్సిన విషయం. ఇన్సూరెన్స్ కూడా అంతే, చెప్పకుండా చేస్తే క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

ఇక నా కథ. నేను ఆర్డర్ పెట్టింది 0.64. డబ్బా వచ్చింది, మీద స్టిక్కర్ 0.64 అనే ఉంది. రాత్రి పది గంటలకి, సెల్‌ఫోన్ లైటులో, మెకానిక్ నేనూ కలిసి బిగించేశాం. పొద్దున తీస్తే బండి చచ్చుబడి ఉంది. 4,000 దాకా ఉలుకూ పలుకూ లేదు, తర్వాత ఒక్కసారిగా తోపు. ఓఆర్ఆర్ మీద ఆటోలు దాటుకుని పోతున్నాయి. ట్యూన్ బాలేదని ట్యూనర్‌తో గొడవ పెట్టుకున్నాను. బూస్ట్ లీక్ అని అన్ని హోసుల మీద సబ్బు నీళ్ళు పోశాం. యాక్చువేటర్ రాడ్ మూడుసార్లు బిగించాం. మూడు వారాల తర్వాత మెకానిక్‌కి విసుగొచ్చి, "అన్నా, ఒకసారి దించి చూద్దాం" అని హీట్ షీల్డ్ విప్పి, వైర్ బ్రష్‌తో హౌసింగ్ మీద అప్పుడే పట్టిన తుప్పు రుద్దాడు. పోత మీద అక్షరాలు మెల్లగా తేలాయి: ఏ/ఆర్ .86. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడు మెల్లగా, "డబ్బా మీద చదివాం గానీ ఇనుము మీద చదవలేదన్నా" అన్నాడు. కొట్టువాడు మార్చి ఇచ్చాడులే గానీ, వాడేసిన హౌసింగ్ అని సగం ధరే లెక్కేశాడు. అందుకే చెబుతున్నా, డబ్బా విప్పిన వెంటనే పోత మీద నంబర్ చూసి ఫోటో తీసుకోండి. 0.86తో ఎలా ఉంటుందో నాకు ఇంత కచ్చితంగా తెలిసింది మాత్రం ఆ పుణ్యానే.

బిగించేటప్పుడు

పాత హౌసింగ్ ఊడదీసే ముందు రాత్రే బోల్టులకి తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. మధ్య భాగం, అంటే బేరింగ్ ఉండే భాగం, హౌసింగ్‌లో ఏ కోణంలో కూర్చుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి, ఆయిల్ లోపలికి పైనుంచి, బయటికి నేరుగా కిందికి పోవాలి. హౌసింగ్‌ని వైస్‌లో పట్టి, మెత్తటి సుత్తితో అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేస్తూ నిటారుగా లాగండి. ఒకవైపే కొడితే పక్కకి ఒరుగుతుంది, చక్రం రెక్క అంచు గోడకి తగిలి వంగుతుంది, ఆ క్షణంలో టర్బో డబ్బులన్నీ పోయినట్టే. ఒరిగిందనిపిస్తే ఆగి, వెనక్కి కొట్టి, మళ్ళీ మొదలుపెట్టండి.

కొత్తది కూర్చోబెట్టాక బోల్టులు బిగించే ముందు వేలితో చక్రం తిప్పి చూడండి. ఎక్కడా గీసుకోకుండా, శబ్దం లేకుండా తిరగాలి. అన్ని బోల్టులూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగిస్తూ, ప్రతిసారీ చక్రం తిప్పండి. గీసుకుందంటే ఆ హౌసింగ్ మీ చక్రానికి చెక్కింది కాదన్నమాట, బలవంతం చేయకండి. బోల్టులకి రాగి పేస్ట్ రాయడం మర్చిపోకండి, మళ్ళీ విప్పేది మీరే.

సరైనదే వేశామా అని చూసుకోవడం

సీటులో కూర్చుని వీపుకి తగిలే తోపుని బట్టి చెప్పడం కుదరదు. టర్బోకి ముందు మానిఫోల్డ్ మీద చిన్న రంధ్రం వేయించి, థ్రెడ్ తీయించి, 6 మిల్లీమీటర్ల రాగి లేదా స్టీలు ట్యూబు బిగించండి. దాన్ని ఒక మీటరు పొడుగున స్ప్రింగులా చుట్టి, వేడి తగ్గాక రబ్బరు హోసుతో మామూలు ప్రెషర్ గేజ్‌కి కలపండి. గేజ్‌ని నేరుగా మానిఫోల్డ్‌కి పెడితే మొదటి లాగుకే కరుగుతుంది. రంధ్రం వేసేది టర్బోనీ మానిఫోల్డ్‌నీ దించినప్పుడే, బిగించి ఉండగా వేస్తే ఇనుప రజను టర్బైన్ రెక్కల మీదికి పోతుంది.

ఇప్పుడు సురక్షితమైన చోట, వీలైతే డైనో మీద, మూడో గేరులో 2,500 నుంచి 6,500 దాకా ఒక్క లాగు లాగి, రెండు గేజ్‌లనీ ఫోన్‌తో వీడియో తీయండి. బ్యాక్ ప్రెషర్‌ని బూస్ట్‌తో భాగించండి. నాకు 6,500 దగ్గర 17 పీఎస్ఐ బూస్ట్‌కి, 0.64తో 27 వచ్చింది, అంటే 1.6. 0.86తో 22, అంటే 1.3. రోడ్డు బండికి ఒకటిన్నర చుట్టుపక్కల ఉంటే నిశ్చింతగా ఉండండి. రెండు దాటితే హౌసింగ్ ఇరుకు. కాలిన పొగ బయటికి పోలేక సిలిండర్‌లోనే మిగిలిపోతుంది, వేడి పెరుగుతుంది, నాక్ (ఇంధనం తనంతట తాను పేలడం) వస్తుంది, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, మీరేమో పెట్రోల్ బాలేదనుకుంటారు. 95 ఆక్టేన్ పెట్రోల్ పోస్తే కొంత సర్దుకుంటుంది గానీ ఇరుకు ఇరుకే. ఒకటికి దగ్గరగా వచ్చి, బూస్ట్ మాత్రం 4,500కి గానీ రాకపోతే హౌసింగ్ పెద్దదైంది.

5,500 దాటాక బూస్ట్ తగ్గిపోతుంటే వెంటనే హౌసింగ్ మీద నెపం వేయకండి. బ్యాక్ ప్రెషర్ ఎక్కువై వేస్ట్‌గేట్ మూతని తోసి తెరుస్తూ ఉండొచ్చు. గట్టి స్ప్రింగ్ ఉన్న యాక్చువేటర్‌తో ఒకసారి చూసి, అప్పటికీ తగ్గితే అప్పుడు అనుమానించండి.

చెన్నై ట్రాక్‌కి తీసుకెళ్ళేవాళ్ళకి ఒక జాగ్రత్త. వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఒక్కదానితోనో, చేత్తో తిప్పే బూస్ట్ కంట్రోలర్‌తోనో నడుపుతుంటే, అది బయటి గాలి మీద ఎంత అన్నదే చూస్తుంది. బెంగళూరులో 17 పెట్టి తీసుకెళ్తే అక్కడ కూడా గేజ్ 17 అనే చూపిస్తుంది, కానీ ఇంజిన్ లోపల మొత్తం ఒత్తిడి ఒకటిన్నర పీఎస్ఐ పెరిగి ఉంటుంది, పైగా గాలి వేడి. కంట్రోలర్‌ని రెండు పీఎస్ఐ తగ్గించుకుని మొదటి ల్యాప్ మెల్లగా పోయి, లాగ్ చూసుకుని తర్వాత పెంచండి. మొత్తం ఒత్తిడిని చూసి నడిపే ఈసీయూ ఉంటే అదే సర్దుకుంటుంది, గేజ్ మీద బూస్ట్ తక్కువ కనిపిస్తే కంగారుపడి స్క్రూ తిప్పకండి.

కొలిచాక ఆ ట్యూబు విప్పి, రంధ్రానికి స్టీలు ప్లగ్ బిగించి ఉంచండి, వెల్డింగ్ చేసి మూసేయకండి. డౌన్‌పైప్ మార్చినా, ట్యూన్ మార్చినా మళ్ళీ కొలవాల్సి వస్తుంది. మా తమ్ముడైతే నిన్న రాత్రి నాలుగు రోజుల లాగ్ పంపాడు, పెడల్ తొక్కినప్పుడు సగటు 2,900. ఇంకో మూడు రోజులు, ఆదివారం కూడా కలిపి పంపరా అన్నాను.